మబ్బు పేరు చెప్పడానికి ఫోటో చాలదు

వాట్సాప్‌లో ఆకాశం ఫోటో పెట్టి "ఇదేం మబ్బు?" అని అడిగేవాళ్ళు నాకు చాలామందే తగులుతుంటారు. నాకు మబ్బుల పిచ్చి ఉందని మా వాళ్ళందరికీ తెలుసు. నేనేమో జవాబు చెప్పకుండా తిరిగి ప్రశ్నలు వేస్తాను. ఎన్ని గంటలకి తీశావు? ఏ దిక్కుకి తిరిగి తీశావు? అప్పుడు నేల మీద నీ నీడ పడుతోందా? అరగంట ముందు అక్కడ ఏముంది? అవతలివాళ్ళకి విసుగొస్తుంది. "పేరడిగితే ఇంత విచారణ ఏంది సామీ" అన్నాడొక మిత్రుడు.

ఆ విచారణ లేకుండా పేరు చెప్పలేం అన్నదే నా వాదన. ఫోటో చూపిస్తే మబ్బు పేరు చెప్పే యాప్‌లు ఇప్పుడు ఫోన్లలోకి వచ్చేశాయి. సరదాగా వాడుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. కానీ మబ్బుని గుర్తుపట్టడానికి ముఖ్యంగా కావలసినవి మూడు: అది ఎంత ఎత్తులో ఉంది, దాన్ని దాటుకుని వెలుగు ఎంత దిగుతోంది, కాసేపటి కిందట అది ఏమై ఉండింది. మొదటిది ఫోటోలో తెలియదు. రెండోదాన్ని ఫోన్ కెమెరా తనకి తోచినట్టు సర్దేస్తుంది. మసక సాయంత్రాన్ని కూడా వెలిగించి చూపిస్తుంది. మూడోది ఫోటోలో ఉండే ప్రసక్తే లేదు. ఇక మిగిలేది ఆకారం ఒక్కటే. ఆకారం చూసి చెప్పేది ఊహ.

ఈ పేర్లు పెట్టినవాళ్ళకి ఈ సంగతి మొదట్నుంచీ తెలుసు. 1802 డిసెంబరులో ల్యూక్ హోవర్డ్ అనే లండన్ మందుల తయారీదారు ఒక చిన్న విజ్ఞాన సంఘంలో మబ్బుల మీద ప్రసంగించాడు. వృత్తిరీత్యా రసాయనాలు చేసి అమ్ముకునే మనిషి. ఆకాశం చూడడం ఆయనకి చిన్నప్పటి అలవాటు. ఆయన చెప్పిన మూల రూపాలు మూడే: పీచుల్లా సాగే సిర్రస్, కుప్ప పోసినట్టు పైకి పెరిగే క్యుములస్, పరుచుకునే స్ట్రాటస్. ఈ మూడూ ఒకదాన్లోకి ఒకటి మారుతూ, కలుస్తూ ఉంటాయని గమనించి, ఆ మధ్య రూపాలకీ కలగలుపు రూపాలకీ పేర్లు పెట్టాడు. మొత్తం ఏడయ్యాయి. వాన మబ్బుకి పెట్టిన నింబస్ కూడా ఆయన లెక్కలో కలగలుపు రూపమే. అదే ఏడాది ఫ్రాన్స్‌లో లామార్క్ కూడా మబ్బులకి ఒక వర్గీకరణ ప్రకటించాడు. ఆయన ఫ్రెంచి పేర్లు ఫ్రాన్స్‌లో కూడా నిలవలేదు. హోవర్డ్ లాటిన్ పేర్లు ప్రపంచమంతా పాకాయి. గొప్ప ప్రకృతి శాస్త్రవేత్త ఓడి, మందుల వ్యాపారి గెలిచిన పోటీ ఇది. నాకు భలే ఇష్టం.

1896లో మొదటి అంతర్జాతీయ మేఘ అట్లాస్ వచ్చేసరికి ప్రధాన జాతులు పది అయ్యాయి. ఆ పది అనే లెక్క ఇప్పటికీ మారలేదు. 2017లో ప్రపంచ వాతావరణ సంస్థ కొత్త అట్లాస్ విడుదల చేసినప్పుడు కూడా జాతులు పదే. వాటి కింద కొన్ని రకాలూ, విశేష లక్షణాలూ మాత్రం చేరాయి. విమానం వదిలిన తెల్లటి చార పది నిమిషాలైనా చెదిరిపోకుండా నిలిస్తే దానికి కూడా ఇప్పుడు అధికారికంగా పేరుంది: సిర్రస్ హోమోజెనిటస్, అంటే మనుషుల వల్ల పుట్టిన సిర్రస్. పది నిమిషాలు ఆగితే గాని ఆ పేరు పెట్టకూడదు! గడియారం చూసుకుని పెట్టాల్సిన పేరు ఫోటోకి ఎలా తెలుస్తుంది?

ఇదొక్కటే కాదు. ఫలానా మబ్బు క్యుములస్ నుంచి పుట్టిందా, ఉరుముల మబ్బు క్యుములోనింబస్ నుంచి పుట్టిందా అని చెప్పడానికి అట్లాస్‌లో వేరే తోక పేర్లున్నాయి. సాయంత్రం క్యుములస్ ఎదుగుదల ఆగిపోయి, అడ్డంగా పరుచుకుని స్ట్రాటోక్యుములస్ అయితే దాని పేరు స్ట్రాటోక్యుములస్ క్యుములోజెనిటస్. ఇంటిపేరులో తండ్రి ఊరు చేర్చినట్టు, మబ్బు పేరులో దాని పుట్టుకని చేర్చారు.

ఎత్తు సంగతికొద్దాం. తిరుపతిలో ఉన్నవాళ్ళకి ఎత్తు కొలవడానికి కొండ ఉంది. ఊరు సముద్రమట్టానికి దాదాపు 160 మీటర్ల ఎత్తున ఉంటే తిరుమల 850 మీటర్ల చిల్లర. ఊళ్ళో ఏ మిద్దె ఎక్కి ఉత్తరానికి చూసినా దాదాపు 700 మీటర్ల కొలత కళ్ళెదురుగా నిలబడి ఉంటుంది. మబ్బు అడుగు కొండ కొమ్ముకి పైన ఉందా, కొమ్ముని తాకుతోందా, గాలిగోపురం దాకా దిగిందా అని చూస్తే చాలు. రాత్రయితే ఇంకా సులువు. కొండ మీద వెలిగే దీపాల నామం కనబడుతోందా లేదా? మసకబారిందా, పూర్తిగా మాయమైందా? వాతావరణ కేంద్రాలు మబ్బు అడుగు ఎత్తు కొలవడానికి లేజర్ పరికరాలు పెట్టుకుంటాయి. మనకి ఆ పని చాలావరకు నామమే చేసిపెడుతుంది.

దీని వెనక లెక్క కూడా కష్టమైనది కాదు. గాలి ఉష్ణోగ్రతకీ, దానిలోని తేమ నీరుగా మారే మంచు బిందువు ఉష్ణోగ్రతకీ ఎంత తేడా ఉందో చూడాలి. నేల మీద నుంచి లేచిన గాలి ఆ తేడా ఒక్కో డిగ్రీకి సుమారు 125 మీటర్లు ఎక్కితే మబ్బు కడుతుంది. నవంబర్ ఉదయం ఉష్ణోగ్రత 24, మంచు బిందువు 21 అనుకోండి. తేడా మూడు డిగ్రీలు, అంటే 375 మీటర్లు. ఊరికి ఆ ఎత్తున మబ్బు అడుగు ఉందంటే కొండ పైసగం మబ్బులో ఉన్నట్టే. అదే మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండ, మంచు బిందువు 20 అయితే అడుగు 2,500 మీటర్ల మీదకి పోతుంది. అప్పుడు కొండకీ మబ్బుకీ మధ్య ఇంకా రెండు కొండలు నిలబెట్టేంత ఖాళీ ఉంటుంది. ఫోన్‌లో వాతావరణం చూసేవాళ్ళకి ఈ రెండు అంకెలూ అందులోనే దొరుకుతాయి. మంచు బిందువుని ఎవరూ పట్టించుకోరు గానీ, నన్నడిగితే వాన శాతం కన్నా అదే పనికొచ్చే అంకె.

ఇక్కడొక చిక్కు. కింది మబ్బుల అడుగు 2 కిలోమీటర్ల లోపు ఉంటుందని పుస్తకాల్లో ఉంటుంది. మే నెలలో మన క్యుములస్ అడుగు ఆ గీత దాటేస్తుంది. అంతమాత్రాన అది మధ్య మబ్బు అయిపోదు, క్యుములసే. ఆ అంకెలు దారి చూపడానికే. అవైనా ప్రాంతాన్ని బట్టి మారతాయి. మన ఉష్ణ మండలంలో పై మబ్బులు 6 నుంచి 18 కిలోమీటర్ల మధ్య ఉంటాయని లెక్క, ధ్రువాల దగ్గర అయితే 3 నుంచి 8. ఎక్కడో చలి దేశంలో అచ్చేసిన చార్టులోని అంకెల్ని ఇక్కడ పిల్లలతో బట్టీ పట్టించడం నాకు నచ్చదు.

కొండ నేర్పే ఇంకో సంగతుంది. కార్తీకంలో అలిపిరి నుంచి చూస్తే కొండ నెత్తిన బూడిద రంగు పొర కూర్చుని ఉంటుంది. కింద ఉన్న నేను దాన్ని స్ట్రాటస్ అని రాసుకుంటాను. అదే సమయానికి ఘాట్ రోడ్డు ఎక్కి తిరుమల చేరిన డ్రైవర్ లైట్లు వేసుకుని, అద్దం తుడుచుకుంటూ "పొగమంచు కమ్మేసింది" అంటాడు. ఎదర ఒక కిలోమీటరు లోపు మాత్రమే కనబడితే దాన్ని పొగమంచు అనడం వాతావరణ శాఖ పద్ధతి. ఇద్దరం చెప్పేది ఒకే మబ్బు గురించి, ఇద్దరి మాటా సరైనదే. చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడో తెలియకుండా ఆ మబ్బుకి పేరు పెట్టలేం.

మరి కొండ కన్నా బాగా పైనున్న వాటి సంగతేంటి? దానికి చెయ్యి చాలు. తునకలు తునకలుగా బారులు తీరిన మబ్బులు మూడు రకాలు: స్ట్రాటోక్యుములస్, ఆల్టోక్యుములస్, సిర్రోక్యుములస్. ఫోటోలో మూడూ అన్నదమ్ముల్లా ఉంటాయి, జనం ఎక్కువగా తికమకపడేది కూడా వీటితోనే. చెయ్యి బారుగా చాపి చిటికెన వేలు అడ్డం పెట్టండి. దాని వెడల్పు దాదాపు ఒక డిగ్రీ. ఒక్కో తునక వేలు వెనక దాగిపోతే సిర్రోక్యుములస్. వేలుని దాటి, మూడు వేళ్ళు కలిపి పెడితే దాగేంత ఉంటే, అంటే అయిదు డిగ్రీల లోపు, ఆల్టోక్యుములస్. మూడు వేళ్ళకీ లొంగకపోతే స్ట్రాటోక్యుములస్. ఈ పరీక్ష ఆకాశంలో కాస్త పైనున్న మబ్బుల మీదే చెయ్యాలి. దిగంతానికి 30 డిగ్రీల లోపు ఉన్నవి దూరం వల్ల చిన్నవిగా కనబడి మోసం చేస్తాయి. ఇంకో గుర్తు: సిర్రోక్యుములస్ తునకల్లో నీడ రంగు ఉండదు, తెల్లగా ఉంటాయి. నిజమైన సిర్రోక్యుములస్ అరుదు. నాకొచ్చే ఫోటోల్లో సిర్రోక్యుములస్ అని పేరు పెట్టి పంపినవి చాలావరకు ఆల్టోక్యుములసే.

వెలుగు గురించి నాకు అట్లాస్ కన్నా ముందు మా అమ్మ నేర్పింది. వేసవిలో మిద్దె మీద వడియాలు పెట్టి, పైకి చూడకుండా గచ్చు మీద దండెం తాడు నీడని చూసేది. నీడ గీత గీసినట్టు ఉంటే బేఫికర్. గీత అంచు మసకబారితే "ఒక కన్నేసి ఉంచు" అనేది. నీడ మొత్తానికే పోతే చీర అంచులు పట్టుకుని వడియాలతో సహా ఎత్తేయడమే. ఆమెకి తెలియకుండానే మూడు మబ్బుల్ని వేరు చేస్తోంది. పలచటి సిర్రోస్ట్రాటస్ కప్పితే ఎండ తగ్గుతుంది గాని నీడ పోదు. ఆల్టోస్ట్రాటస్ అయితే సూర్యుడు ఎక్కడున్నాడో మసకగా తెలుస్తుంది, నేల మీద నీడ మాత్రం ఉండదు. నింబోస్ట్రాటస్ కమ్మితే సూర్యుడు ఏ మూల ఉన్నాడో కూడా తెలియదు. అట్లాస్‌లో ఈ మూడింటి మధ్య గీత గీసేది సరిగ్గా ఇక్కడే. ఆకాశం ఫోటోలో నేల ఉండదు గనక నీడా ఉండదు.

సిర్రోస్ట్రాటస్ ప్రస్తావన వచ్చింది గనక వరదగుడి మాట కూడా అనుకోవాలి. చంద్రుడి చుట్టూ గుడి దూరంగా కడితే వాన దగ్గర, దగ్గరగా కడితే వాన దూరం అని పెద్దవాళ్ళంటారు. ఇందులో గట్టి పరిశీలన ఉంది. దూరపు గుడి అంటే 22 డిగ్రీల వలయం. చెయ్యి చాపి బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా విప్పితే దాదాపు అంత. అది ఆరు పలకల మంచు స్ఫటికాల్లో వెలుగు వంగడం వల్ల వస్తుంది, అంటే పైన సిర్రోస్ట్రాటస్ ఉన్నట్టు. దగ్గరి గుడి చంద్రుడికి అంటుకుని కొద్ది డిగ్రీలే ఉంటుంది. అది ఎక్కువగా నీటి బిందువుల పలచటి మబ్బుది, చాలాసార్లు ఆల్టోక్యుములస్. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి మనవైపు వస్తున్నప్పుడు దాని ముందు నడిచేది సిర్రస్, సిర్రోస్ట్రాటస్. కాబట్టి అక్టోబర్, నవంబర్‌లలో దూరపు గుడి కట్టి, మర్నాటికి పొర చిక్కనై చంద్రుడు మసకబారితే ఆ సామెతని నమ్మొచ్చు. అదే మే నెలలో అయితే నేను నమ్మను. ఎక్కడో కురిసి ఆరిపోయిన ఉరుముల మబ్బు తల మిగిలి, రాత్రంతా ఆకాశంలో తేలుతూ అదే గుడి కడుతుంది. వలయం అదే, ముందు జరిగింది వేరు. సామెతకి కూడా నెల చెప్పాలి.

ఇక కదలిక. జూలై, ఆగస్టుల్లో మన ఆకాశంలో ఒక విచిత్రం జరుగుతుంటుంది, పైకి చూసే తీరిక లేక ఎవరూ పట్టించుకోరు. కింది మబ్బులు పడమటి నుంచి తూర్పుకి పరుగులు తీస్తుంటాయి. నైరుతి గాలి తోలుకొస్తున్నవి అవి. పశ్చిమ కనుమల దగ్గర చాలావరకు కురిసేసి వచ్చిన గాలి గనక మనకి మోడం వేసి మురిపించడమే ఎక్కువ. వాటి సందుల్లోంచి పైకి చూస్తే, పీచుల్లాంటి సిర్రస్ తూర్పు నుంచి పడమరకి పోతుంటుంది. ఎదురెదురు. ఆ పై గాలి పేరు ఉష్ణమండల తూర్పు జెట్. 1950లలో దాన్ని గుర్తించి చెప్పింది పి. కోటేశ్వరం, తర్వాత భారత వాతావరణ శాఖకి డైరెక్టర్ జనరల్‌గా చేశారు. నైరుతి కాలంలో ఆ జెట్ జోరంతా దక్షిణ భారతం మీదే, మన అక్షాంశాలకి దగ్గరగా ఉంటుంది. దాన్ని చూడ్డానికి బెలూన్లు అక్కర్లేదు. ఒక కరెంటు స్తంభం పక్కన నిలబడి, స్తంభం కొసని గుర్తుగా పెట్టుకుని, రెండు పొరలూ ఎటు జరుగుతున్నాయో అయిదు నిమిషాలు ఓపిగ్గా చూస్తే చాలు. పొరలు రెండని, వాటి మధ్య కిలోమీటర్ల దూరం ఉందని అప్పుడు ఒళ్ళు జలదరించేలా తెలుస్తుంది.

ఇంతవరకు చెప్పింది కుతూహలం కోసమే అనుకున్నా, క్యుములస్ దగ్గరికొచ్చేసరికి ఇది ప్రాణాల సంగతి అవుతుంది. దామలచెరువు వైపు మా బంధువుల మామిడి తోట ఉంది, ఎక్కువగా తోతాపురి. ఒక వేసవి మధ్యాహ్నం అక్కడ ఉన్నాను. కోత కూలీలు చెట్ల మీద ఉన్నారు. పడమర కొండల మీద రెండు మబ్బులు లేచాయి, పక్కపక్కనే, నా కంటికి రెండూ ఒకటే ఎత్తు.

"ఏం మామా, వానొస్తాదా?" అన్నాను.

"ఎడమ పక్కది రాదు. కుడి పక్క దాని తల చూడు, చెదిరిపోతా ఉండాది. అది వస్తాది. ఒరే, అందర్నీ దిగమను!" అని కేక పెట్టాడు.

కాసేపటికి గాలి, ఆ తర్వాత వాన. పిందెలూ కాయలూ కొన్ని రాలాయి గానీ మనుషులందరూ కొట్టంలో ఉన్నారు.

మామ చూసింది ఏమిటంటే: బాగా ఎత్తు పెరిగిన క్యుములస్, అట్లాస్ భాషలో కంజెస్టస్, తల గడ్డలు గడ్డలుగా, చాకుతో కోసినట్టు గట్టి అంచులతో ఉంటుంది. ఆ అంచు గట్టిగా కనబడినంత కాలం అక్కడ ఉన్నది నీటి బిందువులు. మన ప్రాంతంలో సున్నా డిగ్రీల మట్టం సుమారు 5 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. కానీ మబ్బులో నీటి బిందువు సున్నా దాటగానే గడ్డకట్టదు, మైనస్ 38 డిగ్రీల దగ్గరి దాకా నీరుగానే మిగలగలదు. ఎప్పుడైతే తల మంచుగా మారడం మొదలైందో అప్పుడు అంచు గట్టితనం పోతుంది. ముందు నునుపుగా కరిగినట్టవుతుంది, ఆ దశ క్యుములోనింబస్ కాల్వస్. తర్వాత పీచు పీచుగా చెదురుతుంది, అది కాపిల్లాటస్. ఇంకా పైకెళ్ళి, వాతావరణపు కింది పొరకి పైకప్పు లాంటి ట్రోపోపాజ్ దగ్గర దారి లేక అడ్డంగా పరుచుకుంటే ఇంకస్, అంటే దాగలి ఆకారం. క్యుములస్‌కీ క్యుములోనింబస్‌కీ సరిహద్దు ఎత్తు కాదు, నలుపు కాదు. తల అంచులో వచ్చే ఆ మార్పే. మార్పు అన్నాక రెండుసార్లు చూడాలి. "చెదిరిపోతా ఉండాది" అని మామ అనగలిగాడంటే అంతకుముందు కూడా చూశాడనేగా. మేఘ అట్లాస్ పేరు ఆయన వినలేదు. అందులో చెప్పిన పద్ధతి మాత్రం తు.చ. తప్పకుండా పాటించాడు.

ఈ సందర్భంలో ఒక మాట. ఉరుము వినబడిందంటే పిడుగుకి అందేంత దూరంలో ఉన్నట్టే. మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు సెకన్లకి ఒక కిలోమీటరు చొప్పున లెక్క. పది కిలోమీటర్ల అవతలున్న మబ్బు నుంచి కూడా పిడుగు పడొచ్చు, మన నెత్తిన నీలాకాశం ఉన్నా సరే. చెట్టు కింద నిలబడటం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు, తోటలో చెట్లు తప్ప వేరే చోటు ఉండదన్నదే అసలు బాధ.

రంగు గురించి కూడా తేల్చేద్దాం. "నల్లగా ఉంది, దంచికొడుతుంది" అనేది మనం రోజూ వినే మాట. మబ్బు నలుపు చెప్పేది రెండే: అది ఎంత మందంగా ఉంది, సూర్యుడు దానికి ఏ పక్కన ఉన్నాడు. సాయంత్రం నాలుగింటికి పడమర ఉన్న మబ్బు మనకి నీడ పక్క చూపిస్తుంది గనక నల్లగా కనబడుతుంది. అదే మబ్బుని చంద్రగిరి అవతల నుంచి తూర్పుకి తిరిగి చూసేవాడికి అది తెల్లగా మెరుస్తుంటుంది. అట్లాస్ వర్ణనల్లో తెలుపు, బూడిద అనే మాటలు ఉంటాయి. పేరు తేల్చేది మాత్రం వాటితో కాదు.

"ఇంత శ్రమ దేనికి, రాడార్లు, ఉపగ్రహాలు ఉన్నాయి కదా" అనే ప్రశ్న న్యాయమైనదే. అందులోనూ మన పక్కనే గాదంకి ఉంది. తిరుపతి నుంచి చిత్తూరు దారిలో ఉన్న ఆ జాతీయ వాతావరణ పరిశోధనా కేంద్రంలో 1,024 యాంటెన్నాల ఎమ్మెస్టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తూ మన నెత్తి మీది గాలుల్ని కొలుస్తుంది. అక్కడి లైడార్ లేజర్ కిరణాన్ని పైకి పంపి, ట్రోపోపాజ్ దగ్గర కంటికి ఆనని పలచటి సిర్రస్‌ని కూడా పట్టుకుంది. మనం "ఒక్క మబ్బు తునక కూడా లేదు" అనుకున్న రోజున కూడా పైన మబ్బు ఉండొచ్చన్నమాట. కంటికి హద్దుంది, ఒప్పుకుంటాను.

ఇంకో హద్దు 2021 నవంబర్ వానలప్పుడు ఊరందరం చూశాం. కొండ లేదు, ఆకాశం లేదు, పైన అంతా ఒకటే బూడిద రంగు. కపిలతీర్థం దగ్గర నీళ్ళు భయం పుట్టించేలా దూకాయి, నడకదారుల మెట్ల మీద వరద పారింది, వీధులు కాలవలయ్యాయి. అలాంటి రోజున కింద నిలబడ్డవాడికి గుర్తుపట్టడానికి ఏమీ మిగలదు. నింబోస్ట్రాటస్ కడుపులో క్యుములోనింబస్ దాక్కుని ఉన్నా కనిపించదు. దీనికి కూడా అట్లాస్‌లో ఒక నియమం ఉంది: అడుగు చూసి తేల్చుకోలేకపోతే, ఉరుముగాని మెరుపుగాని వడగళ్ళుగాని ఉంటే క్యుములోనింబస్ అని రాయాలి. కన్ను పనిచేయనప్పుడు చెవిని నమ్మమని. ఆ రోజుల్లో ఉపగ్రహ చిత్రమూ, అధికారుల హెచ్చరికా దిక్కు. మిద్దె ఎక్కి మబ్బులు చూస్తానంటే బుద్ధిహీనత.

అయితే ఏడాదిలో అలాంటి రోజులు కొన్నే. మిగతా రోజుల్లో ఫోన్‌కి వచ్చే పిడుగు హెచ్చరిక మండలం మొత్తానికి వస్తుంది. ఈ తోటకి, ఈ అరగంటలో అనే సంగతి తల చెదిరిన మబ్బుని చూసినవాడికే ముందు తెలుస్తుంది. హెచ్చరికలు వద్దని నేననడం లేదు. రెండూ ఉన్నవాడు ఒకటే ఉన్నవాడి కన్నా మెరుగు.

అందుకే బడి పిల్లల విషయంలో నాకు పట్టుదల. చాలా బళ్ళలో మబ్బుల పాఠం అంటే గోడకి ఒక చార్టు, దాంట్లో దూదితో అంటించిన నాలుగు బొమ్మలు. కొండ ఎదురుగా ఉన్న ఊళ్ళో దూది ఎందుకు? పొద్దున బడి గంటకీ, సాయంత్రం ఇంటి గంటకీ అదే మెట్టు మీద నిలబడి నాలుగు సంగతులు రాసుకోమనండి. కొండ ఎంతవరకు కనబడుతోంది, నేల మీద నీడ ఎలా ఉంది, ఆకాశాన్ని ఎనిమిది భాగాలు చేస్తే మబ్బు ఎన్ని భాగాలు కప్పింది, ఎటు కదులుతోంది. వాతావరణ పరిశీలకులు కూడా ఆకాశాన్ని ఎనిమిదో వంతుల్లోనే రాస్తారు, ఒక భాగాన్ని ఆక్టా అంటారు. పేర్లు తర్వాత వాటంతటవే వస్తాయి. జూన్‌లో మొదలుపెడితే డిసెంబరుకల్లా రెండు రుతుపవనాల మబ్బులూ వాళ్ళ నోటుబుక్కులో ఉంటాయి. దేశంలో చాలా ఊళ్ళకి ఆ అవకాశం లేదు.

తెలిసిన ఒక టీచరమ్మకి ఇదంతా చెబితే ఆసక్తిగానే విన్నారు. చివర్లో, "అన్నీ బాగున్నాయి సార్. పరీక్షలో మాత్రం బొమ్మ ఇచ్చి పేరు రాయమంటారు, ఒక మార్కు" అన్నారు. గుండ్రంగా, తెల్లగా, అడుగు చదునుగా ఉంటే క్యుములస్ అని రాయించెయ్యండి అన్నాను. మార్కు పోగొట్టుకోమని పిల్లలకి చెప్పలేం కదా.